ఆడపిల్లల మోకాళ్ళకే లిగమెంట్ ఎందుకు తెగుతోంది?

బ్రాడీపేట_లక్ష్మి
మా అమ్మాయికి పదిహేనేళ్ళు, టెన్త్. ఐదో క్లాసు నుంచీ బాస్కెట్‌బాలే లోకం. మొన్న శనివారం సాయంత్రం ప్రాక్టీసులో రీబౌండ్‌కి ఎగిరి ఒంటికాలి మీద దిగింది. ఎవరూ తగల్లేదు, తోయలేదు. "లోపల టప్‌మందమ్మా" అంది. గంటలో మోకాలు కొబ్బరికాయంత అయింది. ఎమ్మారైలో ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిందని వచ్చింది.

పోయినేడాది ఇదే జట్టులో ఇంకో అమ్మాయికీ ఇలాగే అయింది. అదే కోర్టులో, అదే కోచ్ దగ్గర మగపిల్లలూ ఆడతారు. వాళ్ళలో ఒక్కడికీ కాలేదు. డాక్టరు గారిని అడిగితే "ఆడపిల్లల మోకాళ్ళు అంతేనమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా అత్తగారేమో "చాల్లే ఆటలు, రేపు పెళ్ళి చేయాల్సిన పిల్ల" అంటున్నారు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంటోంది.

ఆ "అంతే" అంటే ఏమిటో నాకు చెప్పండి. నిజంగా తేడా ఉందా? ఉంటే చేయగలిగింది ఏమైనా ఉందా?

బెంజిసర్కిల్_బాబు
అయ్యో. ముందు పాపకి ధైర్యం చెప్పండి. మన గోపీచంద్ గారికి 1994లో మోకాలు పోయింది, ఆపరేషన్లు అయ్యాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చారు. ఈ ముక్క పాపకి చదివి వినిపించండి.

పీడీ_మాస్టారు
ముప్ఫై రెండేళ్ళు విజయవాడలో డ్రిల్లు మాస్టారుగా చేశాను. నా కళ్ళముందు మోకాలు పోయిన పిల్లలు ఏడెనిమిది మంది. ఒక్కరు తప్ప అందరూ మగపిల్లలే. ఆడపిల్లలకే ఎక్కువ అంటే నేను ఒప్పుకోను. ఇప్పటి పిల్లలకి ఒంట్లో సత్తువ లేదు, అదీ సంగతి. రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు పెట్టి, ఆదివారం ఒక గంట గ్రౌండుకి తోలితే ఏ మోకాలైనా ఏం చేస్తుంది?

కబడ్డీ_రైడర్
మాస్టారు చెప్పింది నిజం. నాకూ తెగింది, నేను మగాణ్ణే. బోనస్ లైన్ మీద కాలు పెట్టి వెనక్కి తిరిగా, పాదం మట్టిలో ఉండిపోయింది, మోకాలు తిరిగిపోయింది. అంతే.

ఫిజియో_అనిత
మాస్టారూ, మీరు చూసింది నిజమే. కానీ మీ గ్రౌండులో వందమంది మగపిల్లలు ఆడితే ఆడపిల్లలు ఎంతమంది ఆడేవారు? ఎంతమందికి తెగింది అని కాకుండా, ఎన్ని గంటల ఆటకి ఎన్నిసార్లు తెగింది అని చూడాలి. ఒకే ఆట అంతే సేపు ఆడితే ఆడపిల్లలకి రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువగా తెగుతుందని ఎన్నో దేశాల్లో లెక్కలు తేలాయి. ఆటని బట్టి మారుతుంది. బాస్కెట్‌బాల్‌లో మూడు రెట్ల పైమాటే.

లక్ష్మి గారూ, నేను విజయవాడలో ఫిజియోని. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టుకునే చిన్న తాడు. కింది ఎముక ముందుకి జారకుండా, మెలిపడకుండా ఆపడం దాని పని. పది తెగితే అందులో సుమారు ఏడు ఎవరూ తగలకుండానే తెగుతాయి. మీ పాపకి అయినట్టే, ఎగిరి దిగినప్పుడో, పరుగులో ఠక్కున ఆగినప్పుడో, దిశ మార్చినప్పుడో.

తేడా ఆ దిగడంలో ఉంది. సగటు మాట చెబుతున్నా, ప్రతి పిల్లా ఇలాగే అని కాదు. మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లలు మోకాలు తక్కువ వంచి, నిటారుగా దిగుతారు. దిగగానే మోకాలు బొటనవేలి గీత దాటి లోపలికి, రెండో మోకాలి వైపు పడుతుంది. తొడ ముందు కండ గట్టిగా లాగుతుంది. వెనక కండ అంత తొందరగా అందుకోదు. ముందు కండ లాగేకొద్దీ కింది ఎముక ముందుకి వస్తుంది, దాన్ని వెనక్కి పట్టేది వెనక కండే. అది ఆలస్యమైతే బరువంతా తాడు మీదే. దానికి తోడు నడుము పైభాగం పక్కకి ఒరిగితే మోకాలు ఇంకా లోపలికి నెట్టుకుపోతుంది.

పాదం నేల తాకాక సుమారు 40 మిల్లీసెకన్లలో తాడు తెగిపోతుంది. రెప్పపాటుకి అంతకు రెండింతల పైనే పడుతుంది. అందుకే ఆ క్షణంలో "జాగ్రత్తగా దిగు" అని అరిచి లాభం లేదు. కాలికి ముందే అలవాటై ఉండాలి.

బ్రాడీపేట_లక్ష్మి
ఇది చదివి పాత వీడియోలు తీసి చూశానండీ. మీరు చెప్పినట్టే మా పిల్ల మోకాళ్ళు లోపలికి పడుతున్నాయి. ప్రతిసారీ. ఇన్నేళ్ళు చప్పట్లు కొడుతూ చూశాను, ఒక్కసారీ కనబడలేదు.

ఫిజియో_అనిత
అది మీ తప్పు కాదు. చూడమని ఎవరూ చెప్పలేదు మీకు.

గుంటూరు_ఎముకలు
ఆర్థోలో పీజీ చేస్తున్నాను. అనిత గారు కదలిక గురించే చెప్పారు, ఎముకల సంగతీ ఉంది. ఆడవాళ్ళ కటి, అంటే నడుము కింది ఎముకల గూడు, వెడల్పు, అందువల్ల తొడ ఎముక కోణంగా దిగుతుంది. లిగమెంట్ ఉండే గాడి ఇరుకు, లిగమెంట్ కూడా సన్నం. కీళ్ళ వదులు ఎక్కువ. కాబట్టి "అంతేనమ్మా" అన్న డాక్టరు గారు పూర్తిగా తప్పేమీ చెప్పలేదు.

ఫిజియో_అనిత
గాడి, సన్నదనం, వదులు ఇవన్నీ ఒప్పుకుంటా. కటి కోణం సంగతి మాత్రం, నిలబెట్టి కొలిచిన కోణాన్ని బట్టి ఎవరికి తెగుతుందో చెప్పలేకపోయారు. ఇంకో మాట. మీరు చెప్పినవేవీ మనం మార్చలేం. దిగే తీరు మార్చగలం. ఏడుస్తూ వచ్చిన తల్లికి మార్చలేనివే చెప్పి పంపేస్తే ఆ పిల్లకి ఒరిగేదేముంది?

గుంటూరు_ఎముకలు
ఆ మాటకి ఎదురు చెప్పను. ఓపీలో రోజుకి వందమందిని చూసేటప్పుడు ఒక్క ముక్కలో చెప్పడం అలవాటైపోతుంది. అలా చెప్పకూడదు.

మంగళగిరి_నాన్న
మా అమ్మాయికి పదకొండు, వాలీబాల్. దీన్ని చదివి నాకు నిద్ర పట్టలేదు. చిన్నప్పటి నుంచే ఈ తేడా ఉంటుందా?

ఫిజియో_అనిత
పదీ పదకొండేళ్ళ దాకా దిగే తీరులో ఆడామగా తేడా పెద్దగా ఉండదు. ఈడొచ్చే వయసులో విడిపోతుంది. అప్పుడు ఎముకలు గబగబా పొడుగవుతాయి, బరువు పెరుగుతుంది. మగపిల్లలకి దాంతోపాటే కండబలం తన్నుకొస్తుంది. ఆడపిల్లలకి పొడుగూ బరువూ వస్తాయి, బలం ఆ లెక్కన రాదు. బండి పెద్దదైంది, బ్రేకులు పాతవే. మీ అమ్మాయి సరిగ్గా మొదలుపెట్టాల్సిన వయసులో ఉంది. నిద్ర పోండి, పొద్దున్నే లేచి గుంజీలు తీయించండి.

సుధ_నల్లపాడు
ఒంటి సంగతే చెబుతున్నారు అందరూ. ఇంటి సంగతి ఎవరు చెబుతారు? ఈడొచ్చిన రోజు నుంచి ఆడపిల్లని గోడ ఎక్కొద్దు, చెట్టెక్కొద్దు, గెంతొద్దు అంటాం. అదే వయసులో మగపిల్లాడు పిట్టగోడ మీంచి రోజుకి ఇరవైసార్లు దూకుతాడు. దూకడం నేర్చుకున్నది వాడు, దూకనివ్వనిది దీన్ని. నాలుగేళ్ళ తరువాత ఇద్దర్నీ ఒకే కోర్టులో నిలబెట్టి "ఆడపిల్లల మోకాళ్ళు బలహీనం" అంటే ఎలా? 2021లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ముగ్గురు పరిశోధకులు ఈ మాటే రాశారు, పుట్టుకతో వచ్చిన తేడానే కాదు, పెరిగే వాతావరణం కూడా చూడండి అని. జిమ్ముకి వెళ్తానంటే మగపిల్లాడికి ఫీజు కడతాం. ఆడపిల్లకి "కండలొస్తే బాగోదు" అంటాం.

ఖోఖో_చిట్టి
సుధక్కా, చెయ్యెత్తి దండం. మా కాలేజీలో వెయిట్స్ గది ఉండేది. తాళం మగపిల్లల కెప్టెన్ దగ్గర. నాలుగేళ్ళలో మేము లోపలికి వెళ్ళింది రెండుసార్లు, ఆ రెండూ ఫొటో దిగడానికే.

పీడీ_మాస్టారు
సుధ గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. మా చెల్లెళ్ళు సందులో రోజంతా తొక్కుడుబిళ్ళ ఆడేవారు. ఒంటికాలి మీద గెంతి, ఒంటికాలి మీదే దిగి, గీత తొక్కకుండా నిలబడి, వంగి బిళ్ళ తీసుకోవాలి. తాడాట సరేసరి. అనిత గారు చెబుతున్న ఒంటికాలి నిలకడ అదే కదా? ఇప్పుడు సందులన్నీ బండ్లు నిలబెట్టుకోవడానికే. బడికొచ్చిన ఆడపిల్లకి మొదటి గెంతు నేరుగా కోర్టులోనే.

ఫిజియో_అనిత
మాస్టారూ, ఒంటికాలి మీద దిగి కదలకుండా నిలబడడం మేం క్లినిక్కులో ఇప్పటికీ చేయించేదే. మీరు తొక్కుడుబిళ్ళ గీసి చేయిస్తే పిల్లలు మా దగ్గరికంటే సంతోషంగా చేస్తారు.

బెంజిసర్కిల్_బాబు
మాస్టారూ, సుద్దముక్కలు నేను తెస్తా.

కబడ్డీ_రైడర్
నెలసరి రోజుల్లో ఎక్కువగా తెగుతుందని మా కోచ్ అంటాడు. ఆ రోజుల్లో అమ్మాయిల్ని ఆపేస్తాడు. నిజమేనా? అడగడం తప్పైతే క్షమించండి.

ఫిజియో_అనిత
తప్పేమీ లేదు, అడగాల్సిందే. హార్మోన్ల వల్ల నెలలో కొన్ని రోజులు కీళ్ళ వదులు కొద్దిగా పెరుగుతుంది. అది ఎక్కువగా అండం విడుదలయ్యే రోజుల చుట్టుపక్కల, మీ కోచ్ అనుకుంటున్న రోజుల్లో కాదు. ఆ కొద్దిపాటి వదులు వల్లే తెగుతుందా అంటే పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. దాన్ని బట్టి పిల్లని ఆట నుంచి ఆపకూడదు. నొప్పి ఉండి తనే వద్దంటే అది వేరు.

మంగళగిరి_నాన్న
ఒక డబ్బా మీంచి దూకించి ఫోన్లో వీడియో తీస్తే ఎవరికి తెగుతుందో ముందే తెలుస్తుందని చదివాను. పాపకి ఆ టెస్టు చేయించాలా?

ఫిజియో_అనిత
ఆ ఆశ మాకూ ఉండేది. 2005లో అమెరికాలో 205 మంది అమ్మాయిల్ని అలాగే దూకించి కొలిచారు. తరువాత వాళ్ళలో 9 మందికి ఏసీఎల్ తెగింది. ఆ తొమ్మిదిమంది మోకాళ్ళు దిగేటప్పుడు మిగతావాళ్ళకంటే 8 డిగ్రీలు ఎక్కువ లోపలికి పడ్డాయి, లోపలికి నెట్టే బలం రెండున్నర రెట్లు. దాంతో అందరం డబ్బాల వెంట పడ్డాం.

గుంటూరు_ఎముకలు
తొమ్మిదిమందే కదండీ. 2016లో నార్వే వాళ్ళు 710 మంది పెద్దస్థాయి ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ అమ్మాయిలతో అదే డబ్బా పరీక్ష చేస్తే, ఎవరికి తెగుతుందో దాంతో చెప్పలేమని తేలింది. లోపలికి పడినవాళ్ళలో చాలామందికి ఏమీ కాలేదు, బాగా దిగినవాళ్ళలో కొందరికి తెగింది.

ఫిజియో_అనిత
అవును, ఆ మాటే రాయబోతున్నా. కాబట్టి నాన్నగారూ, వీడియో తీయండి, కానీ పిల్లకి దిగడం నేర్పడానికి తీయండి. "నువ్వు ప్రమాదం, నువ్వు కాదు" అని ముద్ర వేయడానికి వద్దు. పదిహేనుమంది ఉంటే పదిహేనుమందికీ నేర్పడమే దారి. అందరికీ నేర్పితే తగ్గుతుంది, అది మాత్రం గట్టిగా తేలింది. 2012లో స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ళ ఫుట్‌బాల్ అమ్మాయిలు 4,564 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాలు కసరత్తులు చేసింది. ఆ గుంపులో ఏసీఎల్ తెగడం 64 శాతం తగ్గింది. మెషీన్లు లేవు, డబ్బు ఖర్చు లేదు.

పీడీ_మాస్టారు
పదిహేను నిమిషాల్లో ఏం చేయించారు? అది చెప్పండి, రేపు చేయిస్తా.

ఫిజియో_అనిత
ఒంటికాలి గుంజీలు. రెండుకాళ్ళ గుంజీలు. వెల్లకిలా పడుకుని వంతెనలా నడుము ఎత్తడం. మోచేతుల మీద ఒళ్ళంతా తిన్నగా నిలిపే ప్లాంక్. ఒక కాలు బాగా ముందుకేసి మోకాలు వంచడం. చివర్లో ఎగిరి దిగడం. ఈ ఆరే. ఒక్కొక్కటి తేలిక నుంచి కష్టానికి మెల్లగా పెంచుకుంటూ పోతారు.

చేసేటప్పుడు గమనించాల్సింది మోకాలు. అది రెండో కాలివేలి నేరుగా ఉండాలి, లోపలికి పోకూడదు. దిగేటప్పుడు నేను పిల్లలకి చెప్పేది ఒకటే మాట, "పిల్లిలా దిగు". చప్పుడు రాకూడదు. చప్పుడు వచ్చిందంటే మోకాలు వంగలేదన్నమాట. చప్పుడు వినడానికి డిగ్రీ అక్కర్లేదు, ఏ కోచ్ అయినా వినగలడు.

బెంజిసర్కిల్_బాబు
మావాడికి ఇప్పుడే చెప్పా. సోఫా మీంచి దూకి "మ్యావ్" అన్నాడు. కానీ చప్పుడు రాలేదు!

ఖోఖో_చిట్టి
కోచ్‌లు పాటించాలి కదా. మా దగ్గర వార్మప్ అంటే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు, చేతులు తిప్పడం, అయిపోయింది. నేను ఎప్పటికీ మర్చిపోలేనిది చెబుతా. నాకు కుడి మోకాలు డిగ్రీ ఫస్టియర్లో తెగింది. ఆపరేషన్ అయింది. ఆరో నెలకే టోర్నమెంటు, "నువ్వు లేకపోతే జట్టు లేదు" అన్నారు. నడవగలుగుతున్నా కదా అని దిగాను. ఎనిమిదో నెలలో ఎడమది తెగింది. రెండోది. ఇవాళ అపార్టుమెంటు మెట్లు దిగేటప్పుడు రెండు మోకాళ్ళూ పలుకుతాయి, నాకు ఇరవై ఆరేళ్ళు. లక్ష్మి గారూ, ఎవరు బతిమాలినా, ఎవరు కన్నీళ్ళు పెట్టుకున్నా తొమ్మిది నెలల్లోపు కోర్టులో దింపకండి.

గుంటూరు_ఎముకలు
చిట్టి గారు చెప్పినదానికి లెక్క కూడా ఉంది. తొమ్మిది నెలల దాకా ఒక్కో నెల ఆగేకొద్దీ మళ్ళీ గాయమయ్యే ప్రమాదం సుమారు సగానికి పడిపోతుందని 2016లో నార్వేలో చూశారు. పాతికేళ్ళలోపు వాళ్ళు ఆటకి తిరిగి వెళ్తే నలుగురైదుగురిలో ఒకరికి మళ్ళీ తెగుతుంది, అదే కాలో రెండో కాలో. స్పెయిన్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి కరోలినా మరీన్‌ని చూడండి. 2019 జనవరిలో మన సైనాతో ఫైనల్ ఆడుతూ కుడి మోకాలు, 2021లో ఎడమది, 2024 పారిస్ సెమీస్‌లో మళ్ళీ కుడిది.

నెలలు నిండడం ఒక్కటే చాలదు. తెగిన కాలి బలం రెండో కాలి బలంలో 90 శాతమైనా రావాలి, ఒంటికాలి గెంతులు రెండువైపులా సమానంగా పడాలి. లక్ష్మి గారూ, ఆపరేషన్‌కి తొందరపడకండి. ముందు వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలగాలి. పదిహేనేళ్ళు కాబట్టి ఎముక ఎదుగుదల పొరలు మూసుకున్నాయో లేదో చూపించుకోండి. కొత్త తాడు ఎక్కడినుంచి తీస్తారో కూడా అడగండి. తొడ వెనక నుంచి తీస్తే, ఇందాక అనిత గారు చెప్పిన ఆ వెనక కండనే మళ్ళీ గట్టిగా పెంచుకోవాల్సి ఉంటుంది.

బ్రాడీపేట_లక్ష్మి
ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాను. మొదటి రోజు ఎవరైనా ఇలా చెప్పి ఉంటే రాత్రంతా ఏడ్చేదాన్ని కాదు.

కబడ్డీ_రైడర్
గ్రౌండు సంగతి ఎవరూ ఎత్తలేదు. మన గుంటూరు నల్లరేగడి ఎండాకాలంలో పాదం పట్టేంత నెర్రెలిస్తుంది. లేదంటే సిమెంటు కోర్టు. బూట్లు చూడండి, "రెండేళ్ళు రావాలి" అని ఒక సైజు పెద్దవి కొంటారు. లోపల పాదం జారుతుంది.

మంగళగిరి_నాన్న
మా ఇంట్లో కొన్నది అలాగే. రేపే మారుస్తా.

ఫిజియో_అనిత
మంచి మాట చెప్పారు. బూటు నేలని మరీ గట్టిగా పట్టేసినా ప్రమాదమే, పాదం ఆగిపోయి మోకాలు తిరుగుతుంది. మీ బోనస్ లైన్ కథ అదే.

సుధ_నల్లపాడు
లక్ష్మి గారూ, మీ అత్తగారికి మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ కథ చెప్పండి. 2017లో ఇదే ఏసీఎల్‌కి ఆపరేషన్. 2018లో టర్కీలో వరల్డ్ ఛాలెంజ్ కప్ వాల్ట్ స్వర్ణం. గాల్లో పల్టీలు కొట్టి మళ్ళీ ఆ మోకాళ్ళ మీదే దిగింది.

బ్రాడీపేట_లక్ష్మి
రాత్రి ఈ చర్చంతా పిల్లకి చదివి వినిపించాను. గోపీచంద్ దగ్గర లేచి కూర్చుంది. పిల్లి దగ్గర నవ్వింది, వారం తరువాత మొదటిసారి. చిట్టి గారు రాసింది రెండుసార్లు చదివించుకుని, "అమ్మా, ఆ అక్కకి థాంక్స్ చెప్పు, నేను తొమ్మిది నెలలు ఆగుతా" అంది.

తరువాత ఒకటడిగింది. ఆదివారం జట్టు ప్రాక్టీసుకి తనని తీసుకెళ్ళాలట. ఆడడానికి కాదు. కోర్టు పక్కన కళ్ళు మూసుకుని కూర్చుంటుందట, మిగతా పిల్లలు ఎగిరి దిగుతుంటే ఎవరి చప్పుడు గట్టిగా వినబడిందో పేరు చెబుతుందట. అడుగుల చప్పుడుని బట్టి అందర్నీ గుర్తుపడుతుంది. కోచ్ గారిని అడిగాను, రమ్మన్నారు. అనిత గారూ, తీసుకెళ్ళొచ్చా?

ఫిజియో_అనిత
తప్పకుండా. బ్రేస్ తీయొద్దు, కర్రలతోనే నడవాలి. కుర్చీ ఎదురుగా ఎత్తు స్టూలు వేసి కాలు దాని మీద చాపించండి, మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టండి. ఐసు పట్టుకెళ్ళండి. ఆదివారం పొద్దున నేనూ గుంటూరు వస్తున్నా, ఆరు కసరత్తులూ దగ్గరుండి చూపిస్తా.

పీడీ_మాస్టారు
నేను ఆరింటి బస్సుకి వస్తాను. కోర్టు పక్కన మట్టి ఉంటే తొక్కుడుబిళ్ళ గీస్తా.

ఖోఖో_చిట్టి
నేనూ వస్తా. ఆ పాప పక్కన కూర్చుంటా.

బ్రాడీపేట_లక్ష్మి
అయితే కుర్చీలు మూడు వేయించమని చెబుతాను. మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడ చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళలో ఊరంతటినీ ఓడించేవారట, ఇవాళే చెప్పారు.